మాంట్‌గొమరీ బస్సు: ఐతిహ్యం వెనక ఆధారాలు

అమెరికాలో నల్లజాతి ప్రజలు చట్టం ముందు సమానత్వం కోసం సాగించిన పౌరహక్కుల ఉద్యమాన్ని బోధించే ఉపాధ్యాయులకు ఎదురయ్యే మొదటి చిక్కు, ఆ కథ తమకు ముందే తెలుసన్న నమ్మకంతో విద్యార్థులు తరగతికి రావడం. 1955 డిసెంబరు 1న అలబామా రాష్ట్రంలోని మాంట్‌గొమరీ నగరంలో, రోజంతా పనిచేసి అలసిన రోజా పార్క్స్ అనే దర్జీ బస్సులో తెల్లవారి కోసం సీటు వదలకపోవడంతో దేశమే మారిపోయిందన్న కథనం ఇప్పటికి ఐతిహ్యంగా, అంటే నిజంగా జీవించిన మనిషి చుట్టూ సమాజం తనకు నచ్చిన తీరులో అల్లుకున్న కథగా, స్థిరపడింది. ఆమె కుట్టుపని చేసిన మాట నిజమే. అయితే నల్లజాతీయుల హక్కుల కోసం పనిచేసే ఎన్‌ఏఏసీపీ సంఘపు స్థానిక శాఖకు ఆమె 1943లోనే కార్యదర్శి అయ్యారనీ, 1955 వేసవిలో టెనెసీలోని హైలాండర్ జానపద పాఠశాలలో శిక్షణ పొందారనీ ఆ కథ చెప్పదు. ఈ సంగతులు జారిపోవడం వల్లనే ఏళ్ల తరబడి పదునెక్కిన సంకల్పం ఒక సాయంకాలపు అలసటగా కుదించుకుపోయింది.

ఇటువంటి చోట పాఠ్యపుస్తకం కంటే ప్రాథమిక ఆధారాలు, అంటే ఆ కాలంలోనే పుట్టిన పత్రాలు, ఎక్కువ మేలు చేస్తాయి. అమెరికా జాతీయ అభిలేఖాగారం ఉపాధ్యాయుల కోసం అందుబాటులో ఉంచిన వాటిలో పార్క్స్ అరెస్టు నివేదిక, బస్సులో ఆమె కూర్చున్న చోటును చూపే పటం ఉన్నాయి. ఆమె తెల్లవారి భాగంలో కూర్చున్నట్టు డ్రైవరు చెప్పాడని పోలీసు నివేదిక అంటుండగా, తెల్లవారికి శాశ్వతంగా కేటాయించిన ముందరి 10 సీట్లకు వెనక వరుసలోనే ఆమె ఉన్నట్టు పటం తెలుపుతుంది. ఈ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చదివిన విద్యార్థికి, ప్రభుత్వ పత్రం కూడా ఒక పక్షం చెప్పిన మాటే కావచ్చన్న గ్రహింపు ఉపన్యాసం అక్కరలేకుండానే కలుగుతుంది.

ఉద్యమం అప్పటికప్పుడు పుట్టిందన్న భ్రమను తొలగించేందుకు జో ఆన్ రాబిన్సన్ రాతలు చాలు. మహిళా రాజకీయ మండలి అధ్యక్షురాలైన ఈ కళాశాల అధ్యాపకురాలు బస్సుల బహిష్కారం రావచ్చని 1954 మే 21నే నగర మేయరుకు లేఖ రాశారు. పార్క్స్ అరెస్టయిన రాత్రే వేలాది కరపత్రాలను సైక్లోస్టైల్ చేయించారు. ఆ అరెస్టు తరవాత నల్లజాతీయులు బస్సులెక్కకుండా 381 రోజులు సాగించిన బహిష్కారానికి వెనక ఇంతటి సన్నాహం ఉంది.

అలాగని ఐతిహ్యాన్ని తరగతి నుంచి వెళ్లగొట్టడం సరికాదు. అది ఎలా తయారైందో పరిశీలించడం కూడా చరిత్ర పాఠమే. గాంధీజీ అహింసా మార్గాన్ని కూడా పరిచయం చేస్తూ 1957లో వెలువడిన ‘మార్టిన్ లూథర్ కింగ్ అండ్ ది మాంట్‌గొమరీ స్టోరీ’ అనే బొమ్మల కథ ఇందుకు చక్కగా ఉపకరిస్తుంది, ఎందుకంటే అది ఉద్యమకాలపు పత్రమూ అవుతుంది, ఒక సమష్టి పోరాటాన్ని కింగ్ అనే ఒకే నాయకుడి పేరుతో ముడిపెట్టిన తీరుకు తొలినాటి సాక్ష్యమూ అవుతుంది.

ఆ ఐతిహ్యంలో చోటు దక్కని వాళ్లనూ తరగతిలో గుర్తుచేయాలి. పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే, 1955 మార్చి 2న, పదిహేనేళ్ల క్లాడెట్ కాల్విన్ అదే నగరంలో సీటు వదలక అరెస్టయింది. నగర బస్సుల్లో జాతి వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమన్న తీర్పును 1956 నవంబరు 13న సుప్రీంకోర్టు ఖాయపరచిన బ్రౌడర్ వర్సెస్ గేల్ వ్యాజ్యంలో పార్క్స్ వాది కాదు. ఆరేలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయీజ్ స్మిత్‌లతో పాటు ఈ బాలికే వాది.