ఈ పగడం పేరేమిటి?

పగడమంటే మనకు చప్పున గుర్తొచ్చేది ఉంగరంలోని ఎర్రరాయి. జువాలజీ వాళ్లకి మాత్రం అది రాయి కాదు, కొన్ని వేల పాలిప్‌లు కలిసి కట్టుకున్న కాపురం. నగల్లోని ఎర్ర పగడం పాలిప్‌కి ఎనిమిది స్పర్శకాలుంటాయి. సముద్రంలో దిబ్బలు కట్టే రాతి పగడాల లెక్క ఆరుతో నడుస్తుంది. అంచేత ఆ రెండూ దూరపు చుట్టాలే. నేను చెప్పబోయేది ఈ రాతి పగడాల సంగతి.

అమెరికాలో ఉంటున్న మా పెద్దనాన్నగారి అబ్బాయి ఇంట్లో ఉప్పునీటి గాజుతొట్టె పెట్టి, అందులో బతికున్న పగడాలు పెంచుతున్నాడు. (ఇది చదివి మనవాళ్లెవరూ సరదాపడొద్దు. మన దేశంలో రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు.) ఒకనాడు ఫొటో పంపి, "ఒరే, నువ్వు జువాలజీ కదా, దీని పేరేవిటో చెప్పు. దీని పక్కన ఇంకోటి పెడదామనుకుంటున్నా" అన్నాడు.

ప్రాక్టికల్స్‌లో ఫంజియాని, మాడ్రిపోరాని చూడగానే గుర్తుపట్టి మార్కులు కొట్టేసినవాళ్లం గదా! ఆ ధైర్యంతో ఫొటో చూశాను. పొట్టిగా, కొసలు ఉబ్బి, అచ్చం సుత్తి తలల్లా ఉన్న స్పర్శకాలు. "యూఫిలియా ఆంకోరా" అని చెప్పేశాను. అక్కడే దెబ్బతిన్నాను.

ఈ గుంపులో తొట్టెల్లో ఎక్కువగా కనబడేవి మూడు రూపాలు. ఆంకోరా అంటే లాటిన్‌లో లంగరు. దీని స్పర్శకం కొస లంగరులాగో, సుత్తిలాగో అడ్డంగా వంగి ఉంటుంది. డివైసా స్పర్శకానికి పక్కల చిన్న చిన్న కొమ్మలు, వాటి చివర బుడిపెలు. చూస్తే కప్పగుడ్ల ముద్దలా ఉంటుంది. గ్లాబ్రెసెన్స్‌కి పొడుగాటి గొట్టాల్లాంటి స్పర్శకాలు, కొసన ఒక్కటే గుండ్రటి బొడిపె. దీన్ని 1821లో లోకానికి తెలిపిన ఇద్దరిలో ఒకరు షామిసో. ఆయన జర్మన్ కవి కూడా!

తమాషా ఏమిటంటే, పగడాల జాతుల్ని మామూలుగా రాతి అస్థిపంజరం చూసి చెబుతారు. మ్యూజియం బీరువాలో ఉండేది అదే కదా. కాని ఆంకోరా, డివైసాల అస్థిపంజరాలు పక్కపక్కన పెడితే తేడా తెలియదు. 1980లో వెరాన్, పిషాన్ ఈ రెండిటికీ పేర్లు పెట్టినప్పుడు బతికున్న స్పర్శకాలే ఆధారం. పోనీ స్పర్శకాలు చూస్తే చాలుగదా అంటారా? చాలదు. ఆంకోరాలాంటి స్పర్శకాలే ఉన్న పారాఆంకోరా, డివైసాలాంటివే ఉన్న పారాడివైసా ఉన్నాయి. వెరాన్ 1990లో వీటిని వేరుచేశాడు. ఆంకోరా, డివైసాల గూడు మెలికలు తిరిగిన గోడలా ఉంటుంది. ఈ "పారా" జంటదీ, గ్లాబ్రెసెన్స్‌దీ విడివిడి కొమ్మలు, ఒక్కో కొమ్మ కొసన ఒక పాలిప్. అంటే పైన మాంసమూ చూడాలి, కింద రాయీ చూడాలి. రంగు మాత్రం ససేమిరా నమ్మకూడదు. వెలుతురును బట్టి, లోపల కాపురముండే శైవలాలను బట్టి అది మారిపోతుంది.

సరే, మావాడి సంగతి. నా మాట నమ్మి దాని పక్కనే ఒక డివైసాని పెట్టాడు. రెండు వారాలకి ఆ డివైసా ఒక వైపంతా కాలినట్టయి, మాంసం ఊడి తెల్లటి రాయి బయటపడింది. అప్పుడు మధ్యాహ్నం తీసిన ఫొటో పంపాడు. పొడుగాటి స్పర్శకాలు నీటి ఒరవడికి ఊగుతున్నాయి. కొసన వంపు లేదు, గుండ్రటి బొడిపె మాత్రమే. గ్లాబ్రెసెన్స్! మొదటి ఫొటో దీపం వేసీవేయగానే తీసిందట. సగం ముడుచుకున్న కొసలు ఉబ్బి నాకు సుత్తుల్లా కనబడ్డాయి. "కింద కొమ్మలున్నాయా, గోడ ఉందా?" అని ఒక్క ముక్క అడిగి ఉంటే అది ఆంకోరా కాదని అప్పుడే తేలిపోయేది. అడగలేదు.

ఆ స్పర్శకాల నిండా దంశకణాలే. చోటు కోసం పొరుగు పగడాన్ని కుట్టి చంపడం వీటికి కొత్త కాదు. ఆంకోరా, డివైసాలు ఒకదాన్నొకటి సాధారణంగా సహిస్తాయని, గ్లాబ్రెసెన్స్‌ని మాత్రం దూరంగా ఉంచాలని పెంచేవాళ్లు అనుభవం మీద చెబుతుంటారు. దానికి తగ్గట్టే 2017లో డి.ఎన్.ఎ. పరీక్షల ఆధారంగా ఆంకోరా, డివైసా, ఆ "పారా" జంట నాలుగిటినీ ఫింబ్రియాఫిలియా అనే వేరే ప్రజాతిలోకి మార్చారు. గ్లాబ్రెసెన్స్ యూఫిలియాలోనే ఉండిపోయింది. అంటే నేను జాతి పేరు తప్పు చెప్పడమే కాదు, ప్రజాతి పేరు కూడా పాతదే చెప్పాను. మా మాస్టారు వింటే ఏమనేవారో!

గ్లాబ్రెసెన్స్‌ని తొట్టె రెండో చివరకు మార్చాక డివైసా మిగిలిన సగం బతికింది. మొన్న మావాడు మరో కొత్త పగడం ఫొటోలు మూడు పంపాడు. ఒకటి పూర్తిగా విచ్చుకున్నప్పుడు, ఒకటి ముడుచుకున్నప్పుడు, ఒకటి అడుగు నుంచి. నేనింకా జవాబు రాయలేదు, చూస్తున్నాను.