మసకగా ఉన్న నక్షత్రం దూరంగా ఉన్నట్లేనా?

1930లో అమెరికాలోని లిక్ అబ్జర్వేటరీలో రాబర్ట్ ట్రంప్లర్ 100 నక్షత్ర గుచ్ఛాలను పరిశీలించాడు. వెలుగును బట్టి దూరం కట్టి చూస్తే, దూరపు గుచ్ఛాలు దగ్గరివాటికంటే పెద్దవని లెక్క వచ్చింది. అలా ఉండటానికి కారణమేమీ లేదు. మధ్యలోని ధూళి వెలుగును తగ్గించింది. అందుకే వాటి దూరం, దాంతోపాటు పరిమాణం లెక్కలో పెరిగిపోయాయి.

ఈ ధూళి అంటే పొగంత సన్నని కార్బన్, సిలికేట్ రేణువులు. కొత్తగా పుట్టిన గుచ్ఛాల చుట్టూ, వాటికి జన్మనిచ్చిన మేఘంలోని ధూళి ఇంకా మిగిలే ఉంటుంది. అది ఎరుపుకంటే నీలికాంతిని ఎక్కువగా ఆపుతుంది. కనుక నక్షత్రం ఎర్రబారి కనిపిస్తుంది. ఎంత ఎర్రబారిందో కొలిచి, పోయిన వెలుగును లెక్కగడతారు. పరారుణ కాంతి చాలావరకు ధూళిని దాటి వస్తుంది. ఓరియన్ మేఘంలో దాగిన పసి నక్షత్రం 1967లో అలాగే బయటపడింది.

మార్కుల మెమో చూసి మనల్ని అంచనా వేసేవారికి కూడా ఈ ధూళి లెక్క చెప్పండి.