నీటిపక్షి ఫోటోకు మెరుగులు ఎంతవరకు?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా సాగుతుంది. చలికాలం ఉదయాన అక్కడ ఆగి చూస్తే, లోతులేని ఉప్పునీటిలో తలలు వంచి మేస్తున్న ఫ్లెమింగోలు కనిపిస్తాయి. వాటిని ఫోటో తీసేవారిలో చాలామంది అందం కోసమే తీస్తారు. కానీ అలాంటి ప్రతి ఫోటో, ఏ పక్షి ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తోందో చెప్పే సాక్ష్యం కూడా. తర్వాత కంప్యూటర్‌లో చేసే మార్పులు ఆ సాక్ష్యాన్ని స్పష్టం చేయవచ్చు, చెరిపేయనూవచ్చు.

తలకిందుల భోజనం

ఫ్లెమింగో తన వంకర ముక్కును తలకిందులుగా నీటిలో ముంచుతుంది. మందమైన నాలుకను పిస్టన్‌లా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ నీటిని లోపలికి లాగి, బయటకు నెడుతుంది. ముక్కు అంచుల్లో దువ్వెన పళ్లలా ఉండే సన్నని పొరలు జల్లెడలా పనిచేసి ఆహారాన్ని ఆపుతాయి. పెద్ద ఫ్లెమింగో రొయ్యల జాతికి చెందిన చిన్న జీవులను, కీటకాల లార్వాలను తింటుంది. చిన్న ఫ్లెమింగోకు నీలి-ఆకుపచ్చ శైవలాలే ప్రధాన ఆహారం. ఈ ఆహారంలోని కెరోటినాయిడ్ల వల్లే ఈకలకు గులాబీ రంగు వస్తుంది. పిల్లలు బూడిద రంగులో ఉంటాయి. పూర్తి రంగు రావడానికి కొన్నేళ్లు పడుతుంది.

ఎర్రకాళ్ల కొంగ పద్ధతి వేరు. అది సగం తెరిచిన ముక్కును నీటిలో ఉంచి, చేప తగలగానే టక్కున మూస్తుంది. చిన్న తెల్లకొంగ కాలితో బురదను కదిలించి, బెదిరి బయటికి వచ్చిన చేపను పొడుస్తుంది. నెమ్మదిగా మేసే ఫ్లెమింగోకు సెకనులో 500వ వంతు షట్టర్ వేగం సాధారణంగా సరిపోతుంది. కొంగ పోటు అందాలంటే 2000వ వంతు దాకా వెళ్లాల్సి వస్తుంది.

తెలుపుతో చిక్కు

నల్లటి నీటి ముందు తెల్లకొంగ నిలబడితే కెమెరా పొరబడుతుంది. దృశ్యం చీకటిగా ఉందనుకుని ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. దాంతో ఈకలు వివరాలు లేని తెల్లటి మచ్చగా మారిపోతాయి. అలా పోయిన వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ నిజంగా తిరిగి తేలేదు. అందుకే ఎక్స్‌పోజర్‌ను ముందే కొంత తగ్గించి తీయాలి.

రా ఫైల్‌గా తీయడం కూడా మేలు చేస్తుంది. మామూలు జేపెగ్‌లో ఒక్కో మూలరంగుకు 256 స్థాయిలే ఉంటాయి. 14 బిట్ల రా ఫైల్‌లో 16,384 ఉంటాయి. నీడలను కొంచెం తేటపరచినా రంగులు చెదరవు.

ఎక్కడ ఆగాలి?

ఉదయపు ఎండ వల్ల పసుపెక్కిన తెలుపును సరిచేయడం, వంగిన నీటి అంచును సమం చేయడం, కొంత కత్తిరించడం తప్పు కాదు. ఇవి వెలుతురునూ చట్రాన్నీ సరిదిద్దుతాయి, పక్షిని మార్చవు.

రంగు గాఢతను పెంచడం అలా కాదు. చిన్న ఫ్లెమింగో సాధారణంగా పెద్దదానికంటే ముదురు గులాబీ రంగులో ఉంటుంది. రంగు అతిగా పెంచితే లేత రంగు పెద్ద ఫ్లెమింగోను చూసేవారు చిన్నదిగా పొరబడవచ్చు. రెండింటినీ నమ్మకంగా వేరుచేసేది ముక్కు. పెద్దదానికి గులాబీ ముక్కు చివర మాత్రమే నలుపు ఉంటుంది, చిన్నదాని ముక్కు దాదాపు అంతా ముదురు రంగే. ఇంకా ఎదిగే వయసు పక్షి కూడా గులాబీ పూత పూస్తే ముదురు పక్షిలా కనిపిస్తుంది.

చట్రానికి అడ్డొచ్చిన పక్షిని తుడిచేస్తే గుంపు లెక్క తప్పుతుంది. కాలికున్న గుర్తు ఉంగరాన్ని మచ్చ అనుకుని తీసేస్తే, ఆ పక్షి ప్రయాణాన్ని తెలిపే ఆధారమే పోతుంది. కృత్రిమ మేధతో పదును పెంచే సాధనాలు లేని ఈక గీతలను ఊహించి గీయగలవు. అందుకే ఎంత మార్చినా మూల ఫైల్‌ను, అందులోని తేదీ, సమయం వివరాలతో సహా విడిగా దాచాలి.

దూరమే మర్యాద

మేస్తున్న పక్షులు ఒక్కసారిగా తలలెత్తి చూస్తే, మనిషి మరీ దగ్గరికి వచ్చాడని అర్థం. అప్పుడు అవి తిండి మానేస్తాయి. ఎగిరితే దాచుకున్న శక్తి ఖర్చవుతుంది. వలస పక్షులకు ఆ శక్తే తిరుగు ప్రయాణానికి ఆధారం. అడుగు వెనక్కి వేసి, పొడవాటి లెన్స్‌తో తీయడమే మంచిది.

1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. ఇందులో స్వచ్ఛందంగా పాల్గొనే సామాన్యులూ ఉంటారు. జాతి విషయంలో సందేహం వచ్చినప్పుడు ఒక నిజాయితీ గల ఫోటో దాన్ని తీర్చగలదు. ముక్కు రంగు, కాళ్లు, పక్కనున్న పక్షులు ఉన్నవి ఉన్నట్టుగా కనిపిస్తే చాలు. కాస్త మసకగా ఉన్నా ఫరవాలేదు.