ఇర్రమ్ మంజిల్‌కి హీరో ఎవరు?

మాసబ్ ట్యాంక్‌లో సిటీ బస్సెక్కి బంజారా హిల్స్ రోడ్డు మీదుగా పంజాగుట్ట వెళ్లే కుర్రకారుని ఎవర్నయినా అడగండి... ఇర్రమ్ మంజిల్ అంటే "మెట్రో స్టేషన్ కదండీ!" అంటారు. తప్పు వాళ్లది కాదు లెండి. 2018లో స్టేషనొచ్చింది, పేరు దానికి పోయింది. ఆ పేరుగల అసలు మహలు మాత్రం పక్కనే గుట్టమీద నిలబడి చూస్తోంది!

1870 ప్రాంతంలో నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన మహలది. నూట యాభైకి పైగా గదులు! ఇంగ్లండులో ప్రభువుల పల్లెటూరి ఎస్టేటు ఎలా ఉంటుందో అచ్చంగా అలాగే... గుర్రపుశాలలు, పాలశాల, పోలో, గోల్ఫ్ ఆడుకునే మైదానాలు. "ఇరమ్" అంటే స్వర్గంలాంటి తోట. ఎర్రటి గుట్టమీద ఉంది గనక తెలుగువాళ్ల నోటికీ ఆ పేరు ఇట్టే పట్టిందని చెప్పుకుంటారు.

నవాబుల రోజులు పోయాయి. మహలు సర్కారు చేతికొచ్చింది. నాట్యాలూ విందులూ జరిగిన హాళ్లలో ఫైళ్లు, బీరువాలు, గుమాస్తాలు!

ఇక కథలో మలుపు... 2019 జూన్‌లో దీన్ని పడగొట్టి కొత్త అసెంబ్లీ కట్టాలని మంత్రివర్గం తీర్మానించింది. నగర ప్రేమికులు కోర్టుకెక్కారు. అదే ఏడాది సెప్టెంబరు 16న హైకోర్టు ఆ తీర్మానాన్ని కొట్టేసింది. క్లయిమాక్సులో హీరో వచ్చినట్టే!

కానీ నాకో సందేహం. కూలకుండా ఆపడం ఒకటి, బతికించడం ఇంకొకటి. ఇంగ్లండులో హైక్లియర్ కోట చూడండి. "డౌన్‌టన్ ఆబీ" సీరియల్ అక్కడే తీశారు. దాన్ని చూసిన జనం టిక్కెట్టు కొనుక్కుని మరీ వస్తున్నారు. ఆ డబ్బు కప్పు మరమ్మతుకి పనికొస్తోంది. మన ఫలక్‌నుమా మాటేమిటి? ఏళ్ల తరబడి బాగుచేసి 2010లో తాజ్ వాళ్లు హోటల్‌గా తెరిచారు. 2014లో సల్మాన్ ఖాన్ చెల్లెలి పెళ్లి అక్కడే జరిగింది. కాకపోతే అందులో అడుగుపెట్టాలంటే మనలాంటివాళ్లు జేబు తడుముకోవాలి!

అందుకే నా మాట... ఇర్రమ్ మంజిల్ హోటలే కానక్కర్లేదు. ఓ మ్యూజియం, ఓ నాటకశాల, అప్పుడప్పుడో షూటింగ్ చాలు. గేటు మాత్రం మామూలు టిక్కెట్టుకి తెరుచుకోవాలి. ఖాళీ ఇంటికి చెదలే చుట్టాలు. మనుషులు తిరిగే ఇంటికే ఆయుష్షు!

మరి మీరేమంటారు?