కోతా మన సొమ్మే!

అంబాజీపేటలో కొబ్బరికాయలు లోడెత్తేటప్పుడు ఒక్క కాయ తేడా వచ్చినా ఊరుకోరు. అదే ఇంట్లో ఉద్యోగం చేసే అబ్బాయి మాత్రం కంప్యూటర్‌లో చేతికొచ్చిన జీతమే రాసుకుంటాడు. మరి పీఎఫ్ కోత?

మూలవేతనం, డీఏ కలిపి 15,000 రూపాయలనుకోండి. 12 శాతం, అంటే 1,800 కోస్తారు. దాన్ని ఖర్చులో రాయకండి. జీతమంతా ఆదాయంగా చూపి, 1,800ను ‘పీఎఫ్’ ఖాతాకు బదిలీ చేయండి. యజమాని కూడా 1,800 వేస్తాడు. అయితే అందులో 1,250 పింఛనుకు పోయి పీఎఫ్‌కు 550 చేరుతుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే! ఆ 550 కూడా కలిపితే మీ లెక్కలో నెలకు 2,350 పెరగాలి.

యజమాని ఈ సొమ్మును మరుసటి నెల 15లోగా కట్టాలి. ఆ తర్వాత ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్కు తెరిచి సరిచూసుకోండి. చీటీలో కోత ఉండి, పాస్‌బుక్కులో జమ లేకపోతే ఆ నెలే ఆఫీసులో అడగండి. ఉద్యోగం మారాక అడిగితే పాత చీటీలు వెతుక్కోవాల్సొస్తుంది.