ధర్మనిధి – లెక్కల వెల్లడి



ధర్మమునకిచ్చిన సొమ్మునకు లెక్క యడుగుట దోషమని మనలో ననేకులు తలంచుచున్నారు. ఈ తలంపు ధర్మమునకే చేటు తెచ్చును.

వినుకొండ ప్రాంతమున మే మెఱిగిన యొక గ్రామమందు రైతులు మిరపకాయల బస్తాకింతయని చలివేంద్రమునకు చందాలిచ్చిరి. సొమ్ము చేతబట్టిన పెద్దమనిషి దమ్మిడీయైనను తినినవాడు కాడు. అయినను రసీదులియ్యలేదు, చిట్టా వ్రాయలేదు. అనుమానము పుట్టెను. మరుసటి యేడు చందాలు రాలేదు; నడివేసవిలో కుండలు బోర్లించియుండెను. దప్పిగొన్నవారు బాటసారులును కూలివాండ్రును. వారు చేసిన తప్పేమి?

1912వ సంవత్సరపు సహకార సంఘముల చట్టము ఈ విషయమున చక్కని దారి చూపినది. నికర లాభములో నాలుగవ వంతు రిజర్వు నిధికి చేర్చిన పిదప, మిగిలినదానిలో నూటికి పదికి మించకుండ, రిజిస్ట్రారు అనుమతితో ధర్మకార్యమునకు ఇయ్యవచ్చునని దాని 34వ సెక్షను చెప్పెను. లాభము 400 రూపాయలైనచో నిధికి 100; మిగిలిన 300లో ధర్మమునకు 30కి మించరాదు. ఏటేట ఒకమారైనను లెక్కలు తనిఖీ కావలెనని 17వ సెక్షను విధించెను. అనగా దానమునకును హద్దు, సాక్ష్యము నుండవలెను.

ఆంధ్రప్రదేశమున 1964లో వేఱు చట్టము వచ్చినది. నీతి మాత్రము మారలేదు. కావున ప్రతి చందాకు రసీదు వ్రాయుడు. సొమ్ము ఒకరి యింట నుంచక, ఇద్దరి సంతకములతో బ్యాంకులో నుంచుడు. ప్రతి ఖర్చునకు ఓచరు తీసికొనుడు. ఏటికొకమారు సభలో జమాఖర్చులు చదివి వినిపింపుడు. చదువురానివాడును వినగలడు గదా!

లెక్క యడుగువానిని శత్రువుగా నెంచకుడు. వచ్చు వేసవి నీటికుండను కాపాడువాడతడే.