సిమెంటు కొట్టులో కంప్యూటరు

సిమెంటు కొట్టుకు వెళ్లారా? ఒకప్పుడు షావుకారు బల్ల మీద ఎర్రట్ట ఖాతా పుస్తకం ఉండేది. ఇప్పుడు చాలా కొట్లలో కంప్యూటరు ఉంది. అందులో టాలీ లాంటి లెక్కల ప్రోగ్రాము ఉంటుంది.

లారీలో 300 బస్తాలు దిగాయనుకోండి. గుమస్తా ఆ సంఖ్య కంప్యూటరులో ఎక్కిస్తాడు. మీకు 40 బస్తాలు అమ్మి బిల్లు కొడతాడు. గోదాములో మిగిలింది 260 అని కంప్యూటరే చూపిస్తుంది. అప్పు పెడితే మీ పేరున బాకీ కూడా అప్పుడే పడుతుంది.

సిమెంటుకు ఈ లెక్క మరీ ముఖ్యం. ఎందుకంటే నిల్వ ఉన్న సిమెంటు గాలిలోని తేమ పీల్చి బలం తగ్గుతుంది. మూడు నెలలు దాటితే పరీక్ష చేయించకుండా వాడకూడదు. తేదీ ఎక్కించి ఉంటే, ఏ లోడు ఎప్పుడొచ్చిందో కంప్యూటరు చెబుతుంది. ముందొచ్చింది ముందు అమ్మాలి. కానీ హమాలీ చేతికందిన బస్తా తీస్తే? కంప్యూటరు లేచి గోదాములోకి వెళ్లి చూడదు కదా!

అందుకే బస్తా మీద మీరే చదవండి. తయారైన వారం, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. 10వ వారం, 2025 అని ఉంటే అది 2025 మార్చి మొదట్లో తయారైనదన్నమాట.

డబ్బు కట్టినప్పుడు రసీదు అడగండి. గుమస్తా జమ ఎక్కించడం మరిచిపోతే, కంప్యూటరు మీ బాకీని అలాగే చూపిస్తుంది.